నడుము పట్టీలో ఎర్ర దారం

నూట పధ్నాలుగు రోజుల ప్రయాణంలో ఇంక ఆరు రోజులే మిగిలాయి. పై అంతస్తుల్లో ఉండే ప్రయాణికులు ఆ సంగతి క్యాలెండరు చూసి తెలుసుకున్నారు. నీటిమట్టానికి దిగువన, కిటికీ కూడా లేని కుట్టుగదిలో కూర్చునే టైలరమ్మకి క్యాలెండరు అవసరం లేదు. మొదటి నెలంతా ఊడిన గుండీలూ, కుట్టు జారిన అంచులూ వస్తాయి. రెండో నెల జిప్పులు. మూడో నెల దాటిందంటే ఇక అందరివీ నడుములే.

ఓడ ఎక్కేటప్పుడు మనుషులు మామూలుగానే ఎక్కుతారు పాపం. రోజుకి ఐదుసార్లు వడ్డించే చోట, చెయ్యడానికి పనేమీ లేకుండా నాలుగు నెలలు కూర్చోబెడితే ఎంత నిగ్రహం ఉన్నవాడికైనా నడుము రెండంగుళాలు పెరగక తప్పదు. అందులో వాళ్ళ తప్పూ లేదు, వంటవాళ్ళ తప్పూ లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ రెండంగుళాలూ సరిగ్గా విందుకి పావుగంట ముందు బయటపడతాయి. జిప్పు తెగుతుంది, కుట్టుగదిలో ఫోను మోగుతుంది, ఇప్పుడే కావాలి, ఈ నిమిషమే కావాలి అని ప్రాణం తోడేస్తారు. ఒక్కో సాయంత్రం అలాంటివి పదిహేను వచ్చేవి.

ఆ గోల పడలేకే ఏడేళ్ళ కిందట టైలరమ్మా, లాండ్రీ బావా కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇస్త్రీ చేసేటప్పుడు కాజా సాగినట్టో, నడుము దగ్గర గుడ్డ లాగినట్టో కనిపిస్తే బావ ఆ బట్టని పక్కన పెడతాడు. టైలరమ్మ నడుము పట్టీ వెనక కుట్టు విప్పి, లోపలి మడతలోంచి అరంగుళం గుడ్డ వదిలి మళ్ళీ కుట్టేస్తుంది. ఎన్నిసార్లు వదిలిందో తనకి గుర్తుండాలి కాబట్టి పట్టీ లోపల ఎర్ర దారంతో చిన్న కుట్టు ఒకటి వేస్తుంది. రెండోసారి వదిలితే రెండు కుట్లు. ఆ బట్ట ఇస్త్రీ మడతతో మళ్ళీ క్యాబిన్‌కి వెళ్ళిపోతుంది. ప్రయాణికుడు తొడుక్కుని, అద్దంలో చూసుకుని, నేనేం మారలేదు అనుకుని కడుపులో చల్ల కదలకుండా ఫలహారానికి వెళ్తాడు. ఈ సంగతి వాళ్ళు ఎవరికీ చెప్పలేదు, వాళ్ళనెవరూ అడగలేదు.

లాండ్రీ బావ అన్నది ఊరికే పెట్టిన పేరు కాదు. ఆయన నిజంగానే బావ, టైలరమ్మ అక్క మొగుడు. ఆమె బావా బావా అని పిలవడం విని, దేశదేశాల నుంచి వచ్చిన పనివాళ్ళంతా అదే ఆయన పేరనుకున్నారు. చివరికి కెప్టెను కూడా లాండ్రీకి ఫోను చేసి, బావ ఉన్నాడా అని గంభీరంగా అడిగేవాడు. అప్పుడల్లా టైలరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేది.

ఆయనకి ఇది ఆఖరి ప్రయాణం. ఒడ్డు మీద కంపెనీ వాళ్ళ దుప్పట్ల గిడ్డంగిలో ఉతుకు మేస్త్రీ ఉద్యోగం కోసం పదకొండేళ్ళుగా అర్జీలు పెట్టుకుంటే ఇన్నాళ్ళకి ఖాళీ వచ్చింది. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చే ఉద్యోగం. షరతు ఒక్కటే, చివరి ప్రయాణం రిపోర్టులో మచ్చ ఉండకూడదు. అక్క అప్పుడే మూడు గిన్నెల టిఫిను డబ్బా కొని, ఫోనులో దాని మూత టక్కున వేసి ఆ చప్పుడు కూడా వినిపించింది. పెళ్ళయిన పద్ధెనిమిదేళ్ళలో మొగుడికి డబ్బా కట్టి పంపే యోగం ఆమెకి ఒక్కనాడూ పట్టలేదు.

ఆరు రోజులు మిగిలి ఉన్న ఆ పొద్దున్నే సూపర్‌వైజర్ ఒక నల్ల సూటు చేతి మీద వేసుకుని కుట్టుగదికి వచ్చాడు. క్యాబిన్లూ, బట్టలూ, లాండ్రీ అన్నీ ఆయన కింద పనే. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఆయనకి కాగితం మీద ప్రతి గడీ నిండాలి, నిండకపోతే ఆ పూట అన్నం సహించదు. ఆ సూటు ఏడో అంతస్తులో ఉండే రిటైర్డ్ జడ్జిగారిది. మొదటి వారం విందులో ఒకసారి వేసుకుని ఉతుకుకి పంపారు. ఉతికి వచ్చాక కవరు వేసి అల్మారాలో వేలాడదీశారు. మళ్ళీ వీడ్కోలు విందు కోసం నిన్న తీసి చూస్తే ప్యాంటు బొత్తం అందలేదు, కోటు పొట్ట మీద కలవలేదు.

జడ్జిగారి వాదన సూపర్‌వైజర్ పూస గుచ్చినట్టు అప్పజెప్పాడు. నా దగ్గర ఇంకా ఆరు ప్యాంట్లున్నాయి, ఆరూ మొదటి రోజు ఎలా పట్టాయో ఇవాళా అలాగే పట్టాయి, కాబట్టి నేను మారలేదు, ఈ ఒక్క సూటే మారింది, దీన్ని కుదించేసింది మీ లాండ్రీయే. ముప్ఫై ఏళ్ళు తీర్పులు రాసిన మనిషి. వాదనలో వేలు పెట్టడానికి సందు లేదు.

టైలరమ్మ సూటు అందుకుంది. ఆ ఆరు ప్యాంట్లలో ఒక్కోదానికీ మూడేసి ఎర్ర కుట్లున్నాయని ఈ లోకంలో తెలిసింది తనకీ, బావకీ మాత్రమే. అల్మారాలో దాక్కున్న ఈ సూటు మొదటి వారం తరవాత ఒక్కసారైనా వాళ్ళ చేతికి రాలేదు. వస్తే దీనికీ మూడు కుట్లు పడేవి, జడ్జిగారు హాయిగా విందుకి వెళ్ళేవారు.

వీడ్కోలు విందులోపు సూటు వదులు చెయ్యమని ఆమెకి పురమాయించి, సూపర్‌వైజర్ జేబులోంచి ఫిర్యాదు కాగితం తీశాడు. కారణం అన్న గడిలో ఉతకడంలో పొరపాటు అని అప్పుడే రాసేశాడు. కింద బావ సంతకానికి చోటు ఉంది. మిగతా రిపోర్టులతోపాటు విందు రోజు సాయంత్రం కెప్టెను ఆఫీసుకి వెళ్తుందట. పక్క గదిలో ఆవిరి ఇస్త్రీ యంత్రం బుస్సుమంటూ ఉంది కాబట్టి ఈ మాటలేవీ బావకి వినపడలేదు.

సూపర్‌వైజర్ వెళ్ళాక ఆమె టేపు తీసి సూటు కొలిచింది. చేతుల పొడుగు సరిగ్గా ఉంది. ప్యాంటు కాళ్ళు మొదటి వారంలో తనే మడిచి కుట్టింది, ఆ కొలత నోటుపుస్తకంలో ఉంది. దారమంత తేడా లేదు. ఉతికితే కుదించుకుపోయే గుడ్డ చేతులూ కాళ్ళూ వదిలేసి పొట్ట దగ్గర మాత్రమే కుదించుకుపోతుందా? తనలో తనే నవ్వుకోబోయి, ఆ కాగితం గుర్తొచ్చి నవ్వు ఆపేసింది.

మర్నాడు లాండ్రీకి వెళ్ళేసరికి బావ దుప్పట్లు ఇస్త్రీ రోలరులోకి ఎక్కిస్తున్నాడు. మెడలో తువ్వాలు, ఒంటి మీద చేతుల్లేని బనీను, కింద రబ్బరు నడుము పైజామా. ఆ గదిలో వేడికి మధ్యాహ్నం అన్నం ముద్ద దిగదని, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళే తాగుతాడు. కాగితం సంగతి ఆయనకి అప్పటికే తెలిసింది. తెలిసి కూడా దుప్పటి అంచులు కలిపి, అరచేత్తో ముడత దులిపి, తాపీగా లోపలికి తోస్తున్నాడు.

అది చూసి ఆమెకి ఒళ్ళు మండింది. తను వెళ్ళి సూపర్‌వైజర్‌కి అంతా చెప్పేస్తానంది. ఆరు ప్యాంట్లూ తెప్పించి, పట్టీలు తిరగేసి చూపిస్తానంది.

"చూపించి?" అన్నాడు బావ. "అడక్కుండా ప్రయాణికుల బట్టలు విప్పి కుట్టామని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. నాకు రావాల్సిన ఒడ్డు ఉద్యోగం ఎలాగూ పోతుంది. నీది కూడా ఎందుకు పోగొట్టుకోవడం?"

"మరి అక్కకి ఏం చెబుతావు?"

ఆయన రోలరు అవతలికి వెళ్ళి, బయటికి వచ్చిన దుప్పటి అందుకుని, నాలుగు మడతలు వేసి పెట్టాడు. "ఇంకో రెండేళ్ళు ఆగమని చెబుతాను. ఆగడం తనకి కొత్తా ఏమిటి?" అన్నాడు.

ఆ మాటకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిరి వల్ల అన్నట్టు చెంగుతో తుడుచుకుని బయటికి వచ్చేసింది.

నాలుగు రోజులుందనగా, ధైర్యం కూడగట్టుకుని సూపర్‌వైజర్ గదికి వెళ్ళింది. ఓడంతా సామాన్లు సర్దుకునే సందడిలో ఉంది. నడవాల్లో ఖాళీ పెట్టెలు, వాటి మీద చీటీలు. పై డెక్కు మీద పనివాళ్ళు రేవు కనిపించకముందే రెయిలింగులకి రంగు వేసేయాలని తొందర పడుతున్నారు. ఆ రంగు వాసన మెట్లన్నీ దిగి ఆమె వెనకాలే వచ్చింది. సూపర్‌వైజర్ ముందు సూటు పరిచి, టేపు పెట్టి చేతులు చూపించింది, కాళ్ళు చూపించింది, నోటుపుస్తకంలో కొలత చూపించింది. ఆయన శ్రద్ధగానే చూశాడు. అంతా విన్నాక కుర్చీలో వెనక్కి వాలాడు.

"సరే, గుడ్డ కుదించుకుపోలేదు. ఒప్పుకున్నాను. మరి కారణం గడిలో ఏం రాయమంటావు? జడ్జిగారు లావయ్యారనా?"

ప్రయాణికుల ఒంటి గురించి సిబ్బంది నోరెత్తకూడదన్నది ఓడలో మొదటి నియమం. గడి ఖాళీగా వదలకూడదన్నది రెండోది. ఈ రెండిటి మధ్యా బావ నలిగిపోతున్నాడు. మిగతా ఆరు ప్యాంట్ల మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిస్తే వచ్చే ప్రయాణానికి తన పేరు ఉండదు. ఇంటి దగ్గర తన పిల్ల కాలేజీ చదువు ఇంకా రెండేళ్ళుంది. సూటు మడిచి చేతి మీద వేసుకుని, వస్తాను సార్ అని లేచి వచ్చేసింది. మెట్లు దిగుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. బావ మరదలి కోసం నోరు మూసుకున్నాడు, తను తనకోసమే మూసుకుంది. రెండూ ఒకటి కాదని ఆమెకి బాగా తెలుసు.

రెండు రోజులూ సూటు మీదే పనిచేసింది. కోటు వెనక కుట్టు విప్పి, లైనింగు వదిలి, ప్యాంటు పట్టీలో ఉన్న గుడ్డంతా బయటికి తీసి, ఇస్త్రీకి పంపింది. పాత మడత గుర్తు కనపడకుండా బావే తడిగుడ్డ వేసి ఆవిరి పట్టించి ఇచ్చాడు. తన ఉద్యోగానికి ఎసరు పెట్టిన సూటుకి అంత శ్రద్ధగా ఇస్త్రీ చేసిన మనిషి ఇంకొకడు ఉండడు. ఆ సూటులో మాత్రం ఆమె ఎర్ర కుట్టు వేయలేదు.

వీడ్కోలు విందు రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి కుట్టుగది తలుపు తోసుకుని సూపర్‌వైజర్ లోపలికి వచ్చి, వెనక తలుపు దగ్గరికి వేశాడు. ఆయన ఒక చేతిలో కవరులో తెల్ల యూనిఫాం, రెండో చేతిలో కెప్టెనుకి ఇవ్వాల్సిన రిపోర్టుల దొంతర ఉన్నాయి. ఆఫీసర్లంతా ఏడాదిలో ఈ ఒక్క విందుకే తెల్లది వేసుకుంటారు. ఆయన మొహం కందగడ్డలా ఉంది. ప్యాంటు బొత్తం అందడం లేదట. మిగతా ప్యాంట్లన్నీ బాగానే ఉన్నాయట, ఇదొక్కటే ఇలా అయిందట.

"చూశావా మీ బావ పని?" అన్నాడు. "జడ్జిగారిదే అనుకున్నాను. నాదీ కుదించి పెట్టాడు."

టైలరమ్మ కవరు అందుకుంది. ప్యాంటు పైకి తీయబోయి ఆగిపోయింది. కవరు మెడ దగ్గర పిన్నుతో గుచ్చిన పసుపు చీటీ ఉంది. ఒడ్డు మీద బట్టలు ఉతికే షాపు వాడిది. చీటీ మీద తారీఖు ఓడ బయలుదేరడానికి రెండు రోజుల ముందుది. ఇవాళే తెరిచినట్టు కవరు అంచున చిరుగు తాజాగా ఉంది.

ఈ ఓడ లాండ్రీ గడప ఆ ప్యాంటు తొక్కనే లేదు. ఆ మాట నోట్లోనే ఉంచుకుని, నాలుగు కుట్లు విప్పి, మళ్ళీ వేసి పంపేస్తే తన ఉద్యోగం తనకి ఉంటుంది. బల్ల మీద ఆయన పెట్టిన రిపోర్టుల దొంతరలో పైనే జడ్జిగారి ఫిర్యాదు కాగితం ఉంది. కింద బావ సంతకం గుండ్రంగా, బడిపిల్లాడి సంతకంలా ఉంది. అది చూశాక ఇంక ఆమె ఆలోచించలేదు.

"సార్, ఈ చీటీ ఒకసారి చదవండి."

ఆయన చదివాడు. తారీఖు మళ్ళీ చదివాడు.

"ఇది బావ చేతికి రాలేదు సార్. ఇప్పుడు మీరు వేసుకున్న ప్యాంటు వారం వారం వచ్చింది. దాని పట్టీ లోపలికి మడిచి చూడండి."

ఆయన ఏమీ అర్థం కానట్టు ఆమెని చూసి, గోడ వైపు తిరిగి, నడుము పట్టీ మడిచి చూసుకున్నాడు.

"ఇవేమిటి? ఎర్రగా, నాలుగు?"

"నాలుగుసార్లు వదిలాను సార్. ఒక్కోసారి అరంగుళం. జడ్జిగారివి ఆరు ప్యాంట్లకీ మూడేసి ఉన్నాయి. ఈ ఓడలో సగానికి పైగా ప్యాంట్లకి ఉన్నాయి."

ఇంక దాచేదేముంది అని ఆమె మొత్తం చెప్పేసింది. విందుకి ముందు ఫోన్ల గోల, కాజాలు చూసి బావ పక్కన పెట్టడం, తను విప్పి కుట్టడం, ఏడేళ్ళుగా జరుగుతున్నది, అన్నీ. అల్మారాలో ఉండిపోయిన విందు బట్టల సంగతి తమకి తట్టకపోవడమే తప్పని ఒప్పుకుంది.

"అడక్కుండా చేసింది నేను. బావ సూది ముట్టలేదు. ఆయన పేరు కొట్టేసి ఆ గడిలో నా పేరు రాయండి సార్."

సూపర్‌వైజర్ మూలనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది, రాలేదు. ఆయన బొటనవేలు మాత్రం పట్టీ మీద ఆ నాలుగు కుట్లనీ ఒక్కొక్కటే తడుముతోంది. మొదటిది ఎప్పుడు వేశావని అడిగాడు. ఐదో వారంలో అని చెప్పింది. రెండంగుళాలా అని పైకే అనుకున్నాడు. ఆయనకి నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తరవాత భుజాలు కదిలాయి, ఆఖరికి స్టూలు కూడా కిర్రుమంది. నాలుగు నెలలుగా నా ఒంటికి వ్యాయామం పడిందని మా ఆవిడకి ఫోనులో గొప్పలు చెబుతున్నానే అన్నాడు.

నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, ఫిర్యాదు కాగితం ముందుకు లాక్కుని, కలం తీశాడు. కారణం గడిలో ఉన్నదాన్ని రూళ్ళకర్ర పెట్టి నీటుగా కొట్టేశాడు. గడి ఖాళీగా వదలకూడదు కదా, చాలాసేపు పైకప్పు చూశాడు. రాసి, కాగితం ఆమె వైపు తిప్పాడు. నూరు రోజులు అల్మారాలో కదలకుండా ఉండి సముద్రపు గాలి పట్టడం, సిబ్బంది పొరపాటు ఏమీ లేదు, అని ఉంది.

టైలరమ్మ రెండుసార్లు చదివింది. పక్క గదికి పరిగెత్తాలనిపించింది.

"వచ్చే ప్రయాణంలో మూడో నెల పడగానే నోటీసు పెడతాను, అందరి విందు బట్టలకీ సముద్రపు గాలి పోయేలా ఆవిరి పట్టిస్తామని," అన్నాడు సూపర్‌వైజర్, లేస్తూ. తెల్ల ప్యాంటు ఆమె ముందుకు తోశాడు. "ఐదింటికల్లా కావాలి. ఎర్ర కుట్టు వెయ్యడం మర్చిపోకు. లెక్క తప్పకూడదు."

ఆ సాయంత్రం విందులో వడ్డించినవాళ్ళు కథలు కథలుగా చెప్పారు. జడ్జిగారు నల్ల సూటులో దర్జాగా కూర్చుని, సముద్రపు గాలి గుడ్డని ఎలా పట్టి లాగేస్తుందో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి అరగంట వివరించారట. మా వాటికీ అలాగే అయిందని అందరూ తలలూపారట. పక్క బల్ల దగ్గర తెల్ల యూనిఫాంలో నిలబడ్డ సూపర్‌వైజర్ అందరికంటే గట్టిగా ఊపాడట.

ఆఖరి పొద్దున ఇంజను చప్పుడు నెమ్మదించింది. రేవు దగ్గర పడిందంటే కింద గదుల్లో ముందు తెలిసేది అలాగే. టైలరమ్మ కత్తెరలు తుడిచి డబ్బాలో సర్దుతుంటే బావ వచ్చాడు. ఇంటికి వెళ్ళే బట్టలు వేసుకున్నాడు, ఓడ ఎక్కిన రోజు వేసుకున్నవే. నాలుగు నెలలు పెట్టె అడుగున ఉండి ఇవాళే బయటికి వచ్చాయి. ఒక చేత్తో సంచీ, రెండో చేత్తో ప్యాంటు నడుము గుప్పిట పట్టుకుని ఉన్నాడు.

"మరదలు గారూ, చిన్న పనుంది," అన్నాడు సిగ్గుపడుతూ.

ఆమె గుప్పిట విడిపించి టేపు వేసింది. మూడున్నర అంగుళాలు. ఓడంతటికీ వదిలి వదిలి చేతులు నొప్పెట్టిన ఈ నాలుగు నెలల్లో, బిగించమని వచ్చిన నడుము ఇదొక్కటే. రబ్బరు పైజామాలో రోజూ కళ్ళెదుటే తిరుగుతున్న మనిషి ఇంత తగ్గిపోతే, ఓడలో ప్రతి కాజా చూసిన తనకి ఎలా కనపడలేదో ఆమెకి అర్థం కాలేదు.

"ఇదీ సముద్రపు గాలేనా బావా?"

"కాదులే. ఇది మన లాండ్రీ ఆవిరి."

ఆయన తువ్వాలు చుట్టుకుని ప్యాంటు ఇచ్చాడు. ఆమె మిషను ముందు కూర్చుని వెనక కుట్టు విప్పింది. మిగిలే గుడ్డ కోసేయడానికి కత్తెర మళ్ళీ డబ్బాలోంచి తీసేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కోసెయ్యకు. అంతా మడత లోపలే ఉంచు. డబ్బా కొందిగా మీ అక్క, మళ్ళీ విప్పాల్సి వస్తుంది."

ఆమె కత్తెర పక్కన పెట్టేసింది. గుడ్డంతా లోపలికి మడిచి, మిషను మీద కుట్టి, పట్టీ తిరగేసి ఎర్ర దారంతో ఏడు కుట్లు వేసింది. అరంగుళానికొకటి. ఎప్పుడెప్పుడు ఏ కుట్టు విప్పాలో ఫోను చేసి అక్కకి చెప్పాలి. పైన రేవు దగ్గర ఓడ కూత పెట్టింది. బావ ప్యాంటు తొడుక్కుని, బొత్తం పెట్టుకుని, రెండు చేతులూ వదిలేసి ఒకసారి అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు.